పొలంలో ఫోన్: సిగ్నల్ లేక పోయిన ఆర్డర్, చూడని అప్‌డేట్‌కు ఎండిన నారు, లాక్ స్క్రీన్ బయటపెట్టిన అప్పు



ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, కషాయం పొయ్యి లేదు. ఫోన్ గురించి మాట్లాడాను. చూసిన వాళ్లు ఇద్దరు ముగ్గురు "ఇదేందన్నా, సెల్ షాపు పెడుతున్నావా?" అని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, పోయిన మామిడి సీజన్‌లో నాకు తేనెమంచు పురుగు వల్ల పోయింది తక్కువ, ఫోన్ వల్ల పోయింది ఎక్కువ. సెట్టింగ్స్ ఎక్కడెక్కడ ఉంటాయో వీడియోలో చూపించాను. అసలు ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది మదనపల్లె వైపు. కొండ వాలులో 6 ఎకరాలు. 4 ఎకరాల్లో మామిడి ఉంది. బేనీషా, మల్లిక, కొంచెం ఇమాం పసంద్. మిగతా దాంట్లో టమాటా, రాగులు, వేరుశనగ. వ్యవసాయ డిప్లొమా చదివి, కొన్నాళ్లు పురుగుమందుల అమ్మకంలో పని చేసి, అది మానేసి ఇంటికి వచ్చి 7 ఏళ్లయింది. మా వేరుశనగ మేమే గానుగ ఆడించి నూనె అమ్ముతాం. మండీకి వేసేది చాలా తక్కువ. పండు, నూనె, రాగిపిండి అన్నింటికీ ఆర్డర్లు ఫోన్లోనే వస్తాయి, డబ్బులు ఫోన్లోనే పడతాయి. అంటే మన అంగడి తలుపు ఫోనే. ఆ తలుపు సరిగా మూసుకోకపోయినా నష్టమే, సరిగా తెరుచుకోకపోయినా నష్టమే. నాకు రెండూ జరిగాయి.

40 బాక్సులు, 7 మిస్డ్ కాల్స్

బెంగళూరులో మాకు ఒక పాత కస్టమర్ ఉన్నారు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో అందరినీ కూడగట్టి ఒకేసారి ఆర్డర్ ఇస్తారు. మే నెలలో 5 కిలోల బాక్సులు 40 కావాలని ముందే చెప్పి ఉన్నారు. మేం కాయలు కోసి, వరిగడ్డిలో మాగేసి పెట్టాం. పంపే ముందు రోజు వాళ్లు ఫోన్ చేసి ఖాయం చేయాలి. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను రేకుల షెడ్డులో కాయలు ఏరుతూనే ఉన్నాను. ఫోన్ జేబులోనే ఉంది. ఒక్కసారి కూడా మోగలేదు.

సాయంత్రం రోడ్డు మీదికి రాగానే మెసేజ్‌లు వరసగా పడ్డాయి. వెంటనే ఫోన్ చేశాను.

"ఏడుసార్లు చేశాను తమ్ముడూ. నాట్ రీచబుల్ అని వచ్చింది. అందరూ అడుగుతా ఉంటే ఇంక వేరే వాళ్ల దగ్గర చెప్పేశాను. ఏమీ అనుకోవద్దు" అన్నారామె.

ఏమనుకుంటాం? తప్పు వాళ్లది కాదు. మాగిన పండు మనకోసం ఆగదు. 200 కిలోల్లో సగం తెలిసిన వాళ్లకు అమ్మాం, మిగతా సగం మండీలో వచ్చిన ధరకు తోసేసి వచ్చాం. మందులు లేకుండా పండించిన పండు, కార్బైడ్ పండు పక్కన ఒకే కుప్పలో పడింది. డబ్బు కంటే అది ఎక్కువ బాధ పెట్టింది.

మట్టి నమూనా తీసినట్టు సిగ్నల్ కొలిచాను

ఫోన్లో కనిపించే గీతలను నమ్మకండి. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపించాలి అన్నదానికి అన్ని కంపెనీలకూ ఒకే లెక్క లేదు. ఒక ఫోన్లో 3 గీతలంటే ఇంకో ఫోన్లో 2 అయి ఉండొచ్చు. అసలు కొలత డీబీఎం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ లోపల సిగ్నల్ స్ట్రెంత్ అని ఉంటుంది. ఆ సంఖ్య మైనస్‌లో ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 4జీలో మైనస్ 90 అంటే పని జరుగుతుంది. మైనస్ 110 దాటితే కాల్ తెగిపోవడం, నెట్ తిరుగుతూనే ఉండటం మొదలవుతాయి. ఇంకో ముఖ్యమైన విషయం, 10 తేడా అంటే సిగ్నల్ బలం 10 రెట్లు తేడా. 20 తేడా అంటే 100 రెట్లు.

కాలేజీలో మట్టి నమూనాకు పొలమంతా వంకరటింకరగా తిరిగి 8, 10 చోట్ల తీయమని నేర్పించారు కదా. అలాగే ఫోన్, నోటుబుక్కు పట్టుకుని తిరిగాను. రేకుల షెడ్డులో మైనస్ 118. బావి దగ్గర మైనస్ 112. గట్టు మీద వేపచెట్టు దగ్గర మైనస్ 98. ఇంటి మిద్దె మీద, రోడ్డు వైపు మైనస్ 94. అంటే నేను రోజంతా కూర్చునే చోటుకూ, వంద అడుగులు నడిస్తే వచ్చే వేపచెట్టుకూ 100 రెట్లు తేడా. ఇనుప రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. దట్టమైన కొమ్మలు, అందులోనూ వాన పడి తడిసిన ఆకులు ఇంకా తగ్గిస్తాయి. టవర్ ఎక్కడో కాదు, మన షెడ్డే మనకు అడ్డం.

తర్వాత చేసిన మార్పులు ఇవి.

మొదటిది, ఏరే బల్లను షెడ్డు లోపలి నుంచి వేపచెట్టు వైపు వసారాలోకి మార్చాం. పైసా ఖర్చు కాలేదు.

రెండోది, ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్లో వేరే కంపెనీ సిమ్ వేసి, వసారా కిటికీలో ఎత్తుగా పెట్టి, హాట్‌స్పాట్ ఆన్ చేశాం. షెడ్డు లోపలికి ఆ వైఫై వస్తుంది. నా ఫోన్లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకున్నాను. ఇప్పుడు రేకుల కింద కూర్చున్నా కాల్ మోగుతుంది. మీ కంపెనీ, మీ ఫోన్ రెండూ వైఫై కాలింగ్‌కు ఒప్పుకోవాలి, అది చూసుకోండి.

మూడోది, నెట్‌వర్క్ సెట్టింగ్‌ను 5జీ నుంచి 4జీకి దించాను. మన దేశంలో 5జీ ఎక్కువ చోట్ల 3300 మెగాహెర్ట్జ్ బ్యాండులో నడుస్తుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం దూరం తక్కువ పోతుంది, గోడను దాటడం కష్టం. 800, 900 లాంటివి దూరం పోతాయి. టౌన్ అంచున ఉన్న మనలాంటి వాళ్ల ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగుతూ బ్యాటరీ తాగేస్తుంది. సిగ్నల్ తక్కువగా ఉన్నప్పుడు ఫోన్ టవర్‌ను అందుకోవడానికి గట్టిగా అరుస్తుంది, అందుకే పొలంలో చార్జింగ్ తొందరగా అయిపోతుంది.

ఒక హెచ్చరిక. సిగ్నల్ బూస్టర్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. లైసెన్సు లేకుండా అది పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. పైగా చుట్టుపక్కల అందరి సిగ్నల్ పాడవుతుంది. కొనకండి. దానికంటే కంపెనీ మారడం మేలు. ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలి. అది చూసి, పక్క పొలాల వాళ్ల ఫోన్లలో డీబీఎం కూడా కొలిచి, అప్పుడు నిర్ణయం తీసుకోండి. నంబరు మారకుండా కంపెనీ మారాలంటే పోర్ట్ అని, పక్కన మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పెట్టాలి. కానీ సీజన్ మధ్యలో మాత్రం మారకండి. మారే రోజు కొంతసేపు ఫోన్ పనిచేయదు.

ఇంకొకటి. వాట్సాప్ బిజినెస్‌లో "పొలంలో ఉన్నాను, సాయంత్రం మాట్లాడతాను" అని ఆటోమేటిక్ జవాబు పెట్టుకోవచ్చు. నేను పెట్టుకుని ధైర్యంగా ఉన్నాను. తర్వాత తెలిసింది, ఆ జవాబు కూడా మన ఫోన్ నెట్‌లో ఉంటేనే పోతుందని! అందుకే ఇప్పుడు ఆర్డర్లకు గూగుల్ ఫారం పెట్టాను. నా ఫోన్ ఆగిపోయినా ఆర్డర్ అక్కడ రాసి ఉంటుంది. పెద్ద ఆర్డర్ ఇచ్చే వాళ్లకు మా నాయన కీప్యాడ్ ఫోన్ నంబరు కూడా ఇచ్చాం.

రెండు మడుల టమాటా నారు

మా బోరుకు మొబైల్ స్టార్టర్ ఉంది. మోటారు ఆగినా, నీళ్లు తగ్గినా స్టార్టర్‌లోని సిమ్ నుంచి మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ చదివి ఫోన్లోని యాప్ గట్టిగా అలారం కొడుతుంది. వానలు బాగా పడిన ఏడాది కాబట్టి ఆరేడు నెలలు ఆ యాప్ తెరవాల్సిన పనే పడలేదు.

ఎండాకాలంలో కదిరి దగ్గర పెళ్లికి పోయి రెండు రోజులున్నాం. మోటారు ట్రిప్ అయింది. అలారం కొట్టలేదు. మెసేజ్ వచ్చింది గానీ, రీచార్జ్ చేసుకోండి, లోన్ తీసుకోండి అనే పాతిక మెసేజ్‌ల మధ్యలో కూర్చుంది. నాయన ఇంట్లోనే ఉన్నారు. "ఫోన్లో నువ్వు చూసుకుంటాండావు అనుకున్నా గదరా" అన్నారు. వచ్చి చూస్తే 18 రోజుల టమాటా నారు రెండు మడులు వాలిపోయి ఉన్నాయి. మళ్లీ బీజామృతం పట్టించి, మళ్లీ విత్తనం పోసుకున్నాం. నారు మొదటినుంచి మొదలు. ఆ ఆలస్యానికి మంచి ధర ఉన్న రోజులు దాటిపోయాయి.

ముందు స్టార్టర్‌ను తిట్టాను, తర్వాత అప్‌డేట్‌ను తిట్టాను. నింపాదిగా చూస్తే అసలు సంగతి తెలిసింది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక పద్ధతి పెట్టారు. ఏదైనా యాప్‌ను కొన్ని నెలలు తెరవకపోతే దానికి మనం ఇచ్చిన అనుమతులన్నీ ఫోనే వెనక్కి తీసుకుంటుంది. ఆ తర్వాతి ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్లు కూడా ఆపేస్తుంది. నా ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఇదీ వచ్చింది, నేను చూసుకోలేదు. టౌన్ వాళ్లకు ఇది మంచిదే. వాడని యాప్ మన సమాచారం లాగకుండా ఉంటుంది. కానీ మన పనులు కాలాన్ని బట్టి నడుస్తాయి. ఎండాకాలం యాప్ వానాకాలంలో తెరవం. మామిడి లెక్కల యాప్ దసరాకు తెరవం. వాడలేదు కాబట్టి అక్కర్లేదని ఫోన్ అనుకుంటుంది. విత్తనాల కుండను 10 నెలలు ముట్టుకోలేదని పారేస్తామా?

దీనికి మందు చిన్నదే. ఆ యాప్ బొమ్మ మీద వేలు అలాగే నొక్కి పెట్టి, యాప్ ఇన్ఫోలోకి పోయి, వాడనప్పుడు అనుమతులు తీసేసే బటన్‌ను ఆఫ్ చేయాలి. పక్కనే బ్యాటరీలో అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టాలి. లేకపోతే చార్జింగ్ మిగిల్చడానికి ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. స్టార్టర్ లాంటి రెండు మూడు ముఖ్యమైన యాప్‌లకు మాత్రమే ఇలా చేయండి. అన్నింటికీ చేస్తే బ్యాటరీ నిలవదు.

అప్‌డేట్లే వద్దు అని కొంతమంది ఆఫ్ చేసేస్తారు. అది కూడా తప్పే. ఫోన్లోని బొక్కలు పూడ్చేవి ఆ అప్‌డేట్లే. మరీ పాత ఆండ్రాయిడ్ మీద కొన్నాళ్లకు డబ్బులు పంపే యాప్‌లు కూడా పనిచేయడం మానేస్తాయి. అప్‌డేట్ ఎప్పుడు అవ్వాలో మనం చెప్పాలి, అంతే. మా ఇంట్లో అమావాస్య రోజు ఎద్దులు కట్టరు. ఫోన్‌కు కూడా ఆ రోజే పెట్టుకున్నాను. ముందు ఫొటోలు, నంబర్లు, ఆర్డర్ల లెక్క బ్యాకప్ తీసుకుంటాను. చార్జింగ్ సగం పైన ఉండేలా చూసుకుని, వైఫై మీద దించుతాను. అయ్యాక 5 పరీక్షలు చేస్తాను. కాల్ వస్తోందా, మెసేజ్ వస్తోందా, స్టార్టర్ అలారం కొడుతోందా, ఇంట్లో వాళ్లకు 1 రూపాయి పంపితే పోతోందా, జీవామృతం కలిపే పొద్దు, సాయంత్రం అలారాలు ఉన్నాయా. పావుగంట పని.

రాత్రిపూట తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఫోన్లతో ఇంకో చిక్కు ఉంది. అప్‌డేట్ తర్వాత ఫోన్ ఆఫ్ అయి ఆన్ అవుతుంది. మనం ఒకసారి పిన్ కొట్టి తెరిచేదాకా లోపలి సమాచారమంతా తాళం వేసి ఉంటుంది, వాట్సాప్ మెసేజ్‌లు రావు. పొద్దున 5 గంటలకు "మెసేజ్‌లేమీ లేవు" అని జేబులో వేసుకుని పోతాం. లేవగానే ఒకసారి ఫోన్ తెరిచి చూడటం అలవాటు చేసుకోండి.

గానుగ అప్పు ఊరికి ఎలా తెలిసింది

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

ఒక ఆదివారం మా తోటకు 20 మంది దాకా రైతులు వచ్చారు, ఘనజీవామృతం చేయడం చూడటానికి. ప్రకృతి వ్యవసాయంలో పెట్టుబడి ఎలా తగ్గుతుందో చెబుతున్నాను. ఫోన్ బల్ల మీద ఉంది. టింగుమని మెసేజ్ వచ్చి స్క్రీన్ వెలిగింది. ఫోన్ లాక్ చేసే ఉంది. అయినా మెసేజ్ మొత్తం పైనే కనిపిస్తోంది. బంగారం మీద అప్పుకు వడ్డీ గడువు దాటిందని, ఎంత కట్టాలో అంకెతో సహా ఉంది. బల్ల దగ్గర నిలబడిన ఇద్దరు చూశారు. నేనూ చూశాను. వాళ్లు చూడటం కూడా చూశాను.

చీకటి పడేలోపు పాల కేంద్రం దగ్గర మా ఇంటామెను అడిగేశారు. "నగలు బ్యాంకులో పెట్టినారంటనే? ఖర్చు లేని సేద్యం అంటారు, మరి బంగారం ఎందుకు పోయ?"

ఆ బంగారం ఆమెది. గానుగ మిషన్ కొనడానికి తనే తీసిచ్చింది. సేద్యానికి దానికీ సంబంధం లేదు. కానీ ఎవరికని చెబుతాం? ఆ రాత్రి ఆమె నన్ను ఒక్క మాటే అడిగింది. "చెప్పాలంటే మనమే చెప్పుకుంటాం కదా. ఫోను ఎందుకు చెప్పాల?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తాళం వేశాను కదా అనుకున్నాను. తలుపుకు తాళం వేసి, లెక్కల పుస్తకాన్ని గుమ్మం మీద తెరిచి పెట్టినట్టు ఉంది.

ఆ తర్వాత ఇంకోటి తట్టింది. అందులో ఉన్నవి నా లెక్కలు మాత్రమే కాదు. కొర్రలు, రాగులు తీసుకునే కస్టమర్లు షుగర్ ఎంత ఉందో, ఇంట్లో ఎవరికి ఏ జబ్బో రాస్తారు. ఇంటి అడ్రస్ పెడతారు, "వచ్చేవారం ఊర్లో ఉండం" అని పెడతారు. సంతలో అంగడి పెట్టినప్పుడు ఫోన్ బల్ల మీదే ఉంటుంది, పదిమంది వంగి పళ్లు చూస్తుంటారు. మన సరుకు వాళ్లు కొనేది నమ్మకం మీద. ఆ నమ్మకం కాయలో ఒక్కటే ఉంటే సరిపోదు.

సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్, లేదా లాక్ స్క్రీన్ అనే చోటికి పోండి. అక్కడ మూడు దారులుంటాయి. మొత్తం చూపించడం, ముఖ్యమైన విషయం దాచి వచ్చినట్టు మాత్రం చూపించడం, అసలు ఏదీ చూపించకపోవడం. నేను రెండోది పెట్టుకున్నాను. మెసేజ్ వచ్చిందని తెలుస్తుంది, ఏముందో తెలియదు. ఓటీపీ కూడా కనిపించదు. ఫోన్ మన చేతిలో లేకపోయినా లాక్ స్క్రీన్ మీద ఓటీపీ చదివేస్తే చాలు, నష్టం జరగొచ్చు. వాట్సాప్‌కు విడిగా వేలిముద్ర తాళం పెట్టుకోవచ్చు. అక్కడే నోటిఫికేషన్‌లో మెసేజ్ చూపించాలా వద్దా అని అడుగుతుంది, వద్దనండి.

పిల్లలకో, పనికి వచ్చిన వాళ్లకో ఫోన్ ఇవ్వాల్సి వస్తే స్క్రీన్ పిన్నింగ్ అని ఉంటుంది. తెరిచిన యాప్ ఒక్కటే ఉంటుంది, పిన్ అడిగేలా పెట్టుకుంటే మన పిన్ లేకుండా వేరేది తెరవలేరు.

అన్నీ దాచేయమని మాత్రం చెప్పను. ఎమర్జెన్సీ సమాచారం అని సెట్టింగ్ ఉంటుంది. అందులో మీ రక్తం గ్రూపు, ఇంట్లో వాళ్ల నంబర్లు రాసి పెట్టండి. పొలంలో పాము కరిచి పడిపోతే, ఫోన్ దొరికిన వాళ్లు లాక్ తెరవకుండానే ఇంటికి కాల్ చేయగలరు. ఏది చూపించాలి, ఏది దాచాలి అన్నది మనం నిర్ణయించాలి.

ఫోన్ పోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసుకోండి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టండి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరుతో ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

చివరగా

తర్వాతి శిక్షణ రోజు మళ్లీ 20 మంది దాకా వచ్చారు. మొదట్లోనే చెప్పేశాను. "మా ఇంటామె బంగారం బ్యాంకులో ఉంది. గానుగ కోసం పెట్టాం. సేద్యం ఖర్చు పుస్తకం ఇది, గానుగ ఖర్చు పుస్తకం ఇది. రెండూ చూసుకోండి." ఎవరూ నవ్వలేదు. ముగ్గురు గానుగ లెక్కలు రాసుకుని పోయారు.

స్ప్రేయర్ వాడాక కడుగుతాం. మడక సీజన్‌కు ముందు సరి చూసుకుంటాం. ఫోన్‌ను మాత్రం వేల రూపాయలు పెట్టి కొని, ఎలా ఇచ్చారో అలాగే వాడతాం. వచ్చే అమావాస్యకు ఒక గంట కూర్చోండి. సిగ్నల్ కొలవండి, ముఖ్యమైన యాప్‌ల అనుమతులు చూడండి, లాక్ స్క్రీన్ సరిచేయండి. ఇంట్లో ఆడవాళ్ల ఫోన్, పెద్దవాళ్ల ఫోన్ కూడా చూడండి. వాళ్ల ఫోన్లో ఏం దాచాలో వాళ్లనే అడిగి చేయండి. మీ పొలంలో ఏ చోట ఎంత డీబీఎం వచ్చిందో రాసుకుంటే, షెడ్డు ఎక్కడ వేయాలో కూడా అదే చెబుతుంది.

మా బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది. రెండు కంతులు మిగిలాయి. ఈ వేరుశనగ నూనె అమ్మి విడిపిద్దామని అనుకుంటున్నాం. విడిపించిన రోజు వచ్చే మెసేజ్‌ను మాత్రం నేనే అందరికీ చూపిస్తాను.